ఆ బోరు కొట్టే పేజీల గురించే

మా అక్క కూతురు ఈ వేసవి సెలవులకి ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడి వచ్చి పది రోజులుంది. పద్నాలుగేళ్ళ గుంట. వచ్చిన రెండో రోజుకే ఫోన్లో డేటా అయిపోయి, నా అలమారా మీద పడి, ఆలీ కాండీ రాసిన 'మ్యాచ్‌డ్' అనే ఇంగ్లీషు నవల తీసి రెండు రాత్రుల్లో ఊదేసింది. ఎలా ఉందే అని అడిగితే, "సూపర్ పిన్నీ, కానీ ఆ అబ్బాయి కొండమీద పుల్లతో మట్టిలో అక్షరాలు నేర్పిస్తాడు చూడు, అక్కడ బోరు. అవి తిప్పేశాను" అంది.

అప్పట్నుంచీ నా కడుపు మండుతూనే ఉంది. ఆ పుస్తకాన్ని బరంపురం ఫుట్‌పాత్ మీద కొని ఇన్నేళ్ళు దాచుకున్నది ఆ పేజీల కోసమే. ఎదురుగా కూచోబెట్టి చెబితే ఆవలిస్తుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

చదవనివాళ్ళకి ముందు కథ. ఇది 2010 నవంబరులో వచ్చింది. ఆ రోజుల్లో ఇంగ్లీషులో టీనేజీ పిల్లల కోసం పాడైపోయిన రేపటి లోకాల నవలలు వరసపెట్టి వచ్చేవి, చాలావాటిలో ఎవరో ఒకరు కత్తో బాణమో పట్టుకునే ఉండేవాళ్ళు. ఇందులో మొదట్లో అలాంటిదేమీ ఉండదు. అంతా పరిశుభ్రం. ఇళ్ళన్నీ ఒకేలా, బట్టలన్నీ ఒకేలా, ఎవరి ఒంటికి ఎంత కావాలో లెక్కగట్టిన భోజనం రేకు డబ్బాలో ఇంటికే వచ్చేస్తుంది. పాలించేదాని పేరు సొసైటీ, అంతే. పదిహేడేళ్ళకి నీకు జోడీ ఎవరో అదే చెబుతుంది, ఏ ఉద్యోగమో అదే చెబుతుంది, ఎనభై నిండిన రోజున విందు చేసి ఆ రాత్రికే నిన్ను సాగనంపుతుంది. జేబులో మూడు మాత్రలు. ఆకుపచ్చది టెన్షన్ తగ్గడానికి, నీలంది ఆపదలో తిండి బదులుగా అని చెబుతారు (దాని అసలు సంగతి రెండో భాగంలో), ఎర్రది వేసుకుంటే గడిచిన 12 గంటలు గుర్తుండవు.

కాసియా అనే అమ్మాయికి పదిహేడో పుట్టినరోజు నాడే ఈ జోడీ విందు. ఒక్కో అమ్మాయి లేచి నిలబడితే, ఎక్కడో దూరపు ఊళ్ళో అలాంటి విందులోనే ఉన్న అబ్బాయి ముఖం తెర మీద కనిపిస్తుంది. ఈమె వంతు వచ్చేసరికి తెర నల్లగా ఉండిపోతుంది. ఎందుకంటే అబ్బాయి దూరంలో లేడు, ఆ హాల్లోనే ఉన్నాడు. చిన్నప్పట్నుంచీ కలిసి పెరిగిన జాండర్. అందరూ చప్పట్లు. ఇంటికొచ్చి వెండి పెట్టెలో ఇచ్చిన కార్డు పెట్టి చూస్తే జాండర్ ముఖం వచ్చి, క్షణం పాటు ఇంకో ముఖం మెరుస్తుంది. అతను కై. తండ్రి ఏదో తప్పు చేశాడని, అసలు జోడీయే ఉండకూడదని ముద్ర పడ్డ కుర్రాడు. ఇక్కణ్ణించి ముక్కోణం మొదలు, జాండరా కైయా అని ఇప్పటికీ కొట్టుకునేవాళ్ళున్నారు. మా గుంట కూడా కొట్టుకుంటోంది.

నిజం చెప్పాలంటే మొదటిసారి చదివినప్పుడు ఆ విందులో నాకు భయపడాల్సిందేమీ కనబడలేదు. మన ఇళ్ళల్లో జరిగేదే కదా. బయోడేటా వాట్సాప్‌లో వస్తుంది, జాతకం చూస్తారు, గోత్రం చూస్తారు, వెండి పెట్టె బదులు పీడీఎఫ్. అప్పట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు, మా అత్త వారానికొకటి తెచ్చేది. ఓ మధ్యాహ్నం కందిపప్పులో రాళ్ళు ఏరుతూ ఈ కథ మా అత్తకీ మామ్మకీ చెప్పాను.

"కులం చూడరా?" అంది అత్త.

చూడరు, మిషనే చూస్తుంది అన్నాను.

"కట్నం?"

లేదన్నాను.

"విందు ఖర్చెవరిది?"

గవర్నమెంటుదే అన్నాను.

"ఒలమ్మ, మరింక ఆ పిల్లకేటే బాధ?"

మామ్మకి అప్పటికి 84. ఎనభయ్యో ఏట సాగనంపే సంగతి విని చేట కింద పెట్టేసింది. "ఎనభైకా? నాకింకా మోకాళ్ళు తప్ప అన్నీ బాగున్నాయి గదే" అని, ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు.

కాబట్టి పెళ్ళి ఏర్పాటు నన్ను భయపెట్టలేదు. నాకు భయం వేసింది వేరేచోట. సొసైటీవాళ్ళు ఒక కమిటీ వేసి, పాత ప్రపంచంలో ఉన్నవన్నీ ఎక్కువైపోయాయి, జనం అయోమయంలో పడుతున్నారు అని, వంద పాటలు, వంద బొమ్మలు, వంద కథలు, వంద పద్యాలు ఉంచి మిగతావన్నీ నాశనం చేసేస్తారు. కాసియా వాళ్ళ ముత్తవ్వ ఆ కమిటీలో పనిచేసినావిడే. వాళ్ళ నాన్న ఉద్యోగం పాత లైబ్రరీలు వెతికి ఆ పుస్తకాలు కాల్చేయించడం. ఆయన దుర్మార్గుడు కాదు, మంచి నాన్నే, పొద్దున్న వెళ్ళి సాయంత్రం వస్తాడు. తాతగారు పోయేముందు మనవరాలి చేతికి పాత అలంకారపు డబ్బీ ఒకటి ఇస్తాడు, అందులో దాచిన కాగితం మీద వందలో లేని రెండు పద్యాలు ఉంటాయి, ఒకటి డిలన్ థామస్‌ది, ఇంకోటి టెనిసన్‌ది. ఆమె వాటిని కంఠతా పట్టేసి కాగితాన్ని వదిలించుకుంటుంది. కాపీ చేసి దాచుకోవచ్చు కదా అని మనకి అనిపిస్తుంది. చేసుకోలేదు. ఆ లోకంలో ఎవరికీ చేత్తో రాయడం రాదు. తెరల మీద చదువుతారు, మీటలు నొక్కుతారు, కలం అనేదే లేదు. కైకి మాత్రం వచ్చు, ఎక్కడో సరిహద్దు ప్రాంతంలో పుట్టాడు కాబట్టి. అతను కొండెక్కేటప్పుడు ఎవరూ చూడకుండా ఒక్కో అక్షరం నేర్పుతాడు. వాళ్ళ ప్రేమంతా అదే. మా గుంట తిప్పేసింది అదే.

ఇది అమెరికాలో చదివినవాళ్ళకి ముచ్చటగా అనిపించి ఉంటుంది. కాండీ ఈ నవలకి ముందు హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు, అక్షరాల మీద ఆ మమకారం అక్కడిదే అయ్యుండాలి. కానీ మా ఊరివాళ్ళకి అది ముచ్చట కాదు, దినచర్య. పర్లాకిమిడిలో సగం వీధుల్లో తెలుగే వినిపిస్తుంది, మా ఇంట్లో తెలుగు తప్ప ఇంకోటి లేదు, నేను మాత్రం ఒడియా మీడియంలో చదివాను. పంతొమ్మిదేళ్ళు వచ్చేదాకా తెలుగులో తిట్టడం వచ్చు, పాడటం వచ్చు, బేరమాడటం వచ్చు, నా పేరు రాయడం రాదు. ఇంకో తమాషా ఏంటంటే, రాసే తెలుగు మాట్లాడే తెలుగులా ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే. ఇక్కడి కొండల్లో ఉండే సవరల భాషకి వ్యాకరణం, నిఘంటువు రాసిందీ ఆయనే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు అటు కలిస్తే, ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. అదే ఏడు మంగై గొమాంగొ అనే ఆయన సవర భాషకి సొంతంగా సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు. ఒకాయన అక్షరాలు పట్టుకుని ఊరు దాటిపోయిన ఏడాదే ఇంకొకాయన అక్షరాలు పుట్టించాడన్నమాట. దీని మీద ఇంకెప్పుడైనా రాస్తాను, ఇప్పుడు నా గొడవకి వస్తాను.

2013లో ఆంధ్రావైపు పాతపట్నం వెళ్ళి, కంప్యూటర్లో లెక్కలు రాసే ట్యాలీ నేర్చుకునేదాన్ని. ఆటో ఎక్కితే రాష్ట్రం మారిపోతుంది, అంత దగ్గర. అక్కడ పక్క సిస్టమ్ దగ్గర ఓ అబ్బాయి కూచునేవాడు, అటువైపువాడే, నెమ్మదస్తుడు. రెండు నెలలు మాట్లాడుకున్నాం, అంతా తెలుగులోనే. ఓ శుక్రవారం ఆటో ఎక్కుతుంటే ట్యాలీ నోటుబుక్కులోంచి చింపిన అరకాగితం మడతపెట్టి చేతిలో పెట్టేసి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి తలుపేసుకుని విప్పితే మూడు లైన్లు. తెలుగులో. నాకు తెలుగు చదవడం రాదని అతనికి తట్టలేదు. గడగడా మాట్లాడేదానికి చదవడం రాదని ఎవరికి తడుతుంది.

ఎవరితో చదివించను? నాన్నకి తెలుగు బ్రహ్మాండంగా వచ్చు, ఇంటికి తెలుగు పేపరు కూడా వస్తుంది, కానీ నాన్నకెలా ఇస్తాను. అమ్మకిస్తే నాన్నకిచ్చినట్టే. మామ్మకి చూపు ఆనదు, పైగా గట్టిగా చదువుతుంది. అక్క అత్తారింట్లో. అతన్నే అడగొచ్చు కదా అంటారు, అడిగితే ఇంత వయసొచ్చి అఆలు రావా అనుకుంటాడని సిగ్గు.

దాంతో నేనే మొదలుపెట్టాను. పాతపట్నం కాంప్లెక్స్‌లో ఆర్టీసీ బస్సుల బోర్డులే నా పలక. ఊరి పేరు ఎలాగూ తెలుసు కాబట్టి 'పాతపట్నం' అన్న మాటని ముక్కలు చేసుకున్నాను. అందులో పా ఉంది, త ఉంది, ప మళ్ళీ వచ్చింది, సరే. కానీ ఆ చివరి సున్నా దగ్గర తన్నింది. ఒడియాలో నిండు గుండ్రం గీస్తే అది 'ఠ'. నాకు ఎన్ని రోజులు చూసినా అది 'పాతపట్నఠ' అనే వచ్చేది. ఒడియా అక్షరానికి నెత్తిమీద గొడుగు ఉంటుంది, తెలుగు అక్షరానికి తలకట్టు, ఆ చిన్న టిక్కు పీకేస్తే లోపల చుట్టాల్లాగే ఉంటాయి రెండూ. 'ట' దొరికాక 'టెక్కలి' బస్సు లొంగింది, 'పలాస' దానంతటదే వచ్చేసింది, 'శ్రీకాకుళం' మాత్రం ఆ 'శ్రీ' వల్ల వారం తీసుకుంది. మ, య నాకిప్పటికీ కంగారే. ఇంట్లో నాన్న పేపరు ముందేసుకుని కూచుంటే, పిల్లకి మాతృభాష మీద ప్రేమ పుట్టిందని ఆయన మురిసిపోయి వచ్చినవాళ్ళందరికీ చెప్పారు.

నలభై రోజులు పట్టింది ఆ మూడు లైన్లకి. "ఆదివారం సాయంత్రం ఐదింటికి నీలమణి దుర్గమ్మ గుడి దగ్గర ఉంటాను. నీతో ఒక మాట మాట్లాడాలి. రాకపోతే అర్థం చేసుకుంటాను."

ఆ సోమవారం అతను వేరే సిస్టమ్‌కి మారిపోతే, ఇదేంటీ ఇంత పొగరు అని నేనే మూతి ముడుచుకున్నాను. నేను చదవడం పూర్తిచేసేసరికి కోర్సు అయిపోయింది, అతను ఉద్యోగం వెతుక్కుంటూ విశాఖపట్నం వెళ్ళిపోయాడు.

ఇది జరిగిన రెండేళ్ళకి 'మ్యాచ్‌డ్' చేతికొచ్చింది. కై మట్టిలో మొదటి అక్షరం గీసి, కాసియా దాన్ని వంకరటింకరగా దిద్దే చోట నేను బస్సులో కూచుని ఏడ్చాను, పక్క సీటావిడ నా చేతిలో నిమ్మకాయ పెట్టింది, వాంతనుకుని.

అలాగని పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోమనను. లొసుగులున్నాయి. ఇంత లెక్కలేసే సొసైటీకి ఆ కార్డులో కై ముఖం ఎలా దూరింది అంటే అధికారిణి ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చెబుతుంది, ఆ దోబూచులాట కొంచెం ఎక్కువైంది. సరిహద్దుల్లో యుద్ధం ఎవరితోనో, ఎందుకో మొదటి భాగంలో సరిగా పట్టుబడదు. జాండర్‌ని మరీ మంచివాణ్ణి చేసేసి, పాపం వదిలేయడానికి కారణం దొరక్కుండా చేశారు. రెండో భాగం 'క్రాస్‌డ్' అయితే లోయల్లో నడక, నడక, నడక.

మొన్న మా గుంటకి ఆ అరకాగితం చూపించాను. నవల మధ్యలోనే పెట్టుకున్నాను దాన్ని, మడతల దగ్గర నీలం ఇంకు వెలిసిపోయింది. అది ఇంగ్లీషు మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. నేను చదివిపెడతాను అనేలోపే ఫోన్ తీసి ఫోటో కొట్టి ఏదో నొక్కింది. ఫోన్‌లోంచి ఆడగొంతు ఒకటి, రైల్వే అనౌన్స్‌మెంట్‌లాగా, "నీలిమని దుర్గమ్మ గుడి" అని తప్పు చదివి, మిగతాది మాత్రం పొల్లుపోకుండా చదివేసింది. మూడు సెకన్లు. రాకపోతే అర్థం చేసుకుంటాను అన్నది కూడా అదే గొంతుతో.

గుంట కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పిన్నీ, ఇంతకీ ఇతను జాండర్ టైపా, కై టైపా?" అంది.

"చేత్తో రాశాడు కాబట్టి కై. రాకపోతే అర్థం చేసుకుంటానన్నాడు కాబట్టి జాండర్."

"మరి నువ్వు వెళ్ళి చెప్పొచ్చు కదా, చదవడం రాలేదని."

"ఇంకు ఆరిపోయాక ఏం చెప్తామే."

అది మళ్ళీ పుస్తకం తీసి వెనక్కి తిప్పుతోంది, ఆ కొండ పేజీల కోసమేనేమో అని ఓరగా చూశాను. కాదు, మూడో భాగం పేరు కోసం వెతుకుతోంది. 'రీచ్‌డ్' అని చెప్పాను. నా దగ్గర లేదు, ఎవరో చదివి ఇస్తామని తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, పోస్టు ఖర్చు నాది.