తాడు గాట్లు పడిన రాయి

ఏప్రిల్ నెల, శనివారం రాత్రి, బిర్కిర్‌కారా, మాల్టా.

అమీర్‌పేట హాస్టల్లో ఒకే గదిలో రెండేళ్లు గడిపిన నలుగురం పదకొండేళ్ల తరువాత ఈ రోజు మళ్లీ కలిసి తిరిగాం. మాలో పెద్దది, అప్పటి నుంచీ మేమంతా అక్క అని పిలిచే మనిషి, నాలుగేళ్లుగా మధ్యధరా సముద్రంలోని ద్వీపదేశమైన మాల్టాలో ఒక వృద్ధుల సంరక్షణాలయంలో నర్సుగా పనిచేస్తోంది. నిజామాబాద్ అమ్మాయి డబ్లిన్ నుంచి, కాకినాడ అమ్మాయి మిలాన్ నుంచి, నేను మ్యూనిక్ నుంచి నిన్న రాత్రి ఒక్కొక్కరమే వచ్చి దిగాం. అందరికీ కుదిరిన ఈ ఒక్క రోజు వృథా పోకూడదని అక్క ముందే ఒక గైడును మాట్లాడి, రాజధాని వలెట్టాను సాయంత్రం దాకా నడిచి చూసేటట్టు ఏర్పాటు చేసింది. నిద్ర ముంచుకొస్తున్నా ఇప్పుడే రాసుకుందామని కూర్చున్నాను. రేపటికి వాయిదా వేస్తే చర్చిలోని బంగారు నగిషీలే గుర్తుండి, ఆ బావి మరుగున పడిపోతుందేమోనని నా భయం.

పొద్దున అక్క ఇంటి దగ్గర బస్సెక్కి వలెట్టాకు పోతుంటే రోడ్డు పక్కన చాలా దూరం వరకు వరుసగా రాతి కమానులు కనిపించాయి. పాత కోటగోడ కాబోలు అనుకున్నాను. బస్సు దిగిన చోటే, ముగ్గురు కంచు వీరులు పెద్ద పళ్లేన్ని ఎత్తి పట్టుకున్న ట్రిటన్ ఫౌంటెన్ ముందు మా గైడు నిలబడి ఉంది. అరవై దాటిన మాల్టా మనిషి. పొట్టిగా కత్తిరించిన తెల్లటి జుట్టు, చేతిలో చుట్టిపెట్టిన గొడుగు. నమస్కారాలయ్యాక ఆమె మాతో అన్న మొదటి మాట, ఎవరి సీసాలో వాళ్లు నీళ్లు నింపుకున్నారా అని. ఎండ గురించి జాగ్రత్త చెబుతోందని అనుకున్నాను కానీ, ఆ ఊరి కథంతా అక్కడి నుంచే మొదలవుతుందని అప్పటికి నాకు తెలియదు.

1565లో ఒట్టోమన్ సైన్యం ఈ ద్వీపాన్ని దాదాపు నాలుగు నెలల పాటు ముట్టడించి వెనుదిరిగింది. ముట్టడిని తట్టుకుని నిలిచిన సెయింట్ జాన్ సంఘపు నైట్లు, అంటే క్రైస్తవ మత యోధులు, ఇంకోసారి అటువంటి ఆపద వస్తే కాచుకోవడానికి షిబెరాస్ అనే బోడి కొండ మీద కొత్త నగరం కట్టాలని నిశ్చయించారు. 1566 మార్చి 28న పునాదిరాయి పడింది. తమ పెద్ద, గ్రాండ్ మాస్టర్ జాన్ డి వలెట్ పేరే ఊరికి పెట్టారు. పోపు పంపిన ఇటలీ ఇంజనీరు ఫ్రాంచెస్కో లపరెల్లి వీధులను తాడు పట్టి గీసినట్టు నిలువుగా, అడ్డంగా గీశాడు. ఆయన తరువాత మాల్టావాడైన జిరోలామో కస్సార్ చర్చి మొదలుకొని ముఖ్యమైన భవనాలెన్నో కట్టించాడు. ఏ కూడలిలో నిలబడి చూసినా వీధి చివర సముద్రం కనిపిస్తుంది. అన్ని వైపులా నీళ్లున్నాయి, తాగడానికి ఒక్క చుక్కా లేదు. ఆ కొండ మీద చెప్పుకోదగ్గ ఊట లేదు, ఈ దేశంలో ఏడాది పొడుగునా పారే నదే లేదు.

నైట్ల పెద్ద చర్చి, సెయింట్ జాన్ సహ కేథడ్రల్, 1577 నాటికి పూర్తయిందట. బయటి నుంచి చూస్తే దుర్గంలా మోటుగా ఉంటుంది, లోపల అడుగు పెడితే కళ్లు చెదిరిపోతాయి. నేలంతా సుమారు నాలుగు వందల మంది నైట్ల సమాధి ఫలకాలు, రంగురంగుల పాలరాతి పొదుగుపనితో. ఆ రాళ్లు దెబ్బతినకుండా సన్నమడమల చెప్పులతో ఎవరినీ రానివ్వరు. ఆ సంగతి తెలిసి కాకినాడ అమ్మాయి సంచిలో వేరే చెప్పుల జత తెచ్చుకుంది. చిత్రకారుడు మత్తియా ప్రేతి పైకప్పు మీద రాతికే నేరుగా తైలవర్ణాలు వేశాడని గైడు చూపించింది. ప్రార్థనా మందిరంలో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1608లో గీసిన యోహాను శిరచ్ఛేదం ముందు మేము చాలాసేపు మాట లేకుండా నిలబడ్డాం. ఆయన సంతకం చేసిన చిత్రం లోకంలో ఇదొక్కటే. ఆ సంతకం కూడా నేల మీద కారిన నెత్తురుతో రాసినట్టుగా ఉంటుంది. గీసిన కొద్ది నెలలకే ఆయన్ను నైట్ల సంఘం నుంచి వెలివేశారు. ఈ చిత్రం గురించి ఇంతకంటే రాయడానికి నా దగ్గర మాటలు లేవు, మళ్లీ ఒకసారి ఒంటరిగా వచ్చి చూడాలి.

పన్నెండు గంటలకు ఎగువ బరక్కా తోటలో ఉన్నాం. కింద వరసగా పేర్చిన ఫిరంగుల్లో ఒకటి రోజూ సరిగ్గా మధ్యాహ్నానికి పేల్చుతారు. ఆ మోత గ్రాండ్ హార్బర్ దాటి ఎదురుగా ఉన్న బిర్గు కోటగోడలకు తగిలి తిరిగి వచ్చింది. నిజామాబాద్ అమ్మాయి మాత్రం ఫిరంగి కంటే గైడు మాటలనే ఎక్కువ శ్రద్ధగా వింటోంది. మాల్టా భాష అరబ్బీ వంశానికి చెందినది, రాసేది రోమన్ లిపిలో. పుస్తకాన్ని క్తీబ్ అంటారు, లోకాన్ని దిన్యా అంటారు, శుక్రవారాన్ని జిమా అంటారు. "కితాబ్, దునియా, జుమ్మా! ఏమే, మా బోధన్ బస్టాండులో నిలబడ్డట్టే ఉంది నాకు" అని ఆమె నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. బావిని ఏమంటారని నేనడిగాను. "బీర్" అంది గైడు. అని, ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "భోజనానికి పోయే చోట ఒకటి ఉంది, చూద్దువు గాని" అంది.

ఆ చోటు పక్క సందులో ఒక పాత ఇంటి లోపలి వాకిలి. బఠాణీ పెట్టి కాల్చిన పస్తీట్సీలు, టమాటా ముక్కలూ కేపర్ మొగ్గలూ కూరిన ఫ్తీరా రొట్టె తిన్నాం. రుచి బాగుంది, కానీ నా ధ్యాసంతా వాకిలి మూలనున్న బావి మీదే. మా మోకాళ్లు దాటిన ఎత్తున, తేనెరంగు సున్నపురాయిలో తొలిచిన గుండ్రటి ఒర. దాని లోపలి అంచు మీద, వేలు పట్టేంత లోతున, నున్నగా అరిగిన గాట్లు ఏడెనిమిది ఉన్నాయి. తాళ్లు ఒరుసుకుని ఒరుసుకుని పడిన గాట్లు. నా చూపుడువేలు ఒక గాటులో పెట్టి చూశాను, సరిగ్గా ఇమిడిపోయింది. అనంతపురం దగ్గర మా అవ్వవాళ్ల ఊరి బావిగట్టు మీది నల్లరాతి బండకు కూడా అచ్చం ఇటువంటి గాట్లే ఉండేవి. చిన్నప్పుడు అవ్వ చేంతాడు లాగుతుంటే నేను ఆ గాట్లలో వేళ్లు పెట్టి ఆడుకునేదాన్ని, వేళ్లు నలుగుతాయని ఆమె కేకలేసేది. ఆ బావి నేను హైస్కూలుకు వచ్చేసరికే ఎండిపోయింది. ఇక్కడ ఫోను లైటు వేసి వంగి చూస్తే అడుగున నల్లగా, కదలకుండా, నీళ్లు మెరిశాయి.

గైడు అప్పుడు చెప్పింది, ఇది ఊటబావి కాదని, వాననీటి తొట్టి అని. వలెట్టా కట్టిన రోజుల్లో ఇల్లు కట్టుకునే ప్రతివాడూ తన ఇంటి కింద ఇటువంటి తొట్టి తవ్వించి తీరాలని నైట్లు నియమం పెట్టారు. ఇంటి మురుగును ఊరి మురుగు కాలువకు కలపాలన్నది ఇంకొక నియమం. మా రాయలసీమ మిద్దెల్లాగే ఇక్కడి ఇళ్లన్నీ చదును కప్పులే. మిద్దె మీద పడిన వాన గోడ వెంట దిగి నేలలోని తొట్టికి చేరుతుంది. అన్నిటికంటే నన్ను కదిలించిన సంగతి ఇంకొకటి: తొట్టి కోసం తొలిచి తీసిన రాయినే అదే ఇంటి గోడలకు వాడుకునేవారట. నేలలోంచి వచ్చిన సున్నపురాయి మెత్తగా ఉండి రంపానికి కోతపడుతుంది, గాలి తగిలే కొద్దీ పైభాగం గట్టిపడుతుంది. ఇంటి గోడలెంత లేచాయో ఇంటి కింద నీటికి అంత చోటు ఏర్పడిందన్నమాట. ఆ మాట విన్న తరువాత వీధిలో నడుస్తుంటే, కొయ్య బాల్కనీలు వేలాడే ఆ ఎత్తైన ఇళ్లను చూసినప్పుడల్లా నా చూపు నేల వైపే పోయింది.

తొట్లలో పట్టుకున్న వాన ఒక్కటే పెరుగుతున్న ఊరికి చాలలేదు. గ్రాండ్ మాస్టర్ విన్యకూర్ కాలంలో రబాత్ అనే ఊరి వైపు ఊటల నుంచి సుమారు పదహారు కిలోమీటర్లు కాలువ కట్టి, 1615లో వలెట్టాకు నీళ్లు తెచ్చారు. పొద్దున బస్సులోంచి నేను కోటగోడ అనుకున్న కమానులు ఆ కాలువవే. ఇప్పుడు ఈ దేశం తాగే నీళ్లలో సగానికి పైగా సముద్రపు నీటిలోని ఉప్పు వడగట్టి తీసినవేనని అక్క చెప్పింది. అందుకు కరెంటు ఎంత కాలుతుందో ఆమెకూ తెలుసు, బిల్లు కట్టేది ఆమే కాబట్టి.

మధ్యాహ్నం తరువాత రిపబ్లిక్ వీధిలోని కాసా రోకా పిక్కోలా చూశాం. పదహారో శతాబ్దపు ఇల్లు, యజమానుల కుటుంబం ఇప్పటికీ అక్కడే ఉంటోంది. పైన వెండి సామాను, నగిషీ కుర్చీలు చూసి, ఇరుకు మెట్లు దిగి నేల కిందికి పోతే, గంట ఆకారంలో తొలిచిన నీటి తొట్టిలోనే నిలబడి ఉన్నాం. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడుతున్నప్పుడు ఈ తొట్టిని ఖాళీ చేసి జనం తలదాచుకునే చోటుగా మార్చారు. ఊళ్లో చాలా తొట్లను ఇలాగే మార్చి, ఒకదానికొకటి సొరంగాలతో కలిపారట. తన తల్లి అప్పుడు ఏడేళ్ల పిల్ల అని, అటువంటి ఒక తొట్టిలో దుప్పటి పరుచుకుని పడుకునేదని, గోడల చెమ్మ వల్ల పట్టిన దగ్గు ఆమెను పెద్దయ్యాక కూడా వదలలేదని గైడు చెప్పింది. ఆ మాటలు చెబుతూ ఆమె అరచేతిని గోడకు ఆనించి ఉంచింది. 1942 ఏప్రిల్‌లో బ్రిటన్ రాజు ఆరో జార్జి ఈ ద్వీప ప్రజలందరికీ కలిపి జార్జి క్రాస్ అనే సాహస పతకం ఇచ్చాడు, అది నేటికీ వాళ్ల జెండా మీద ఉంది. ఆ నెల ప్రాణాలు దక్కించుకున్న పిల్లల్లో కొందరిని నాలుగు శతాబ్దాల కిందటి వాననీటి నియమమే కాచిందని నాకనిపించింది.

చివరి మజిలీ నైట్ల ఆసుపత్రి. అక్క కోసమే అక్కడికి పోయాం. 1574లో కట్టడం మొదలైన ఆ ఆసుపత్రి పెద్ద వార్డు పొడవు నూట యాభై మీటర్లకు పైనే. రోగులకు వెండి పళ్లేల్లో భోజనం పెట్టేవారు, నైట్లే వంతులవారీగా వడ్డించేవారు. 1798లో ద్వీపాన్ని పట్టుకున్న నెపోలియన్ ఆ వెండిని కరిగించుకుపోయాడు. అక్క ఆ వార్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా నడిచి వచ్చి, "ఇన్ని మంచాలకు నీళ్లు ఎవరు మోశారో" అంది. పన్నెండు గంటల డ్యూటీలు చేసే మనిషికే తోచే ప్రశ్న అది.

ఇంటికి వచ్చి అక్క చేసిన చారు అన్నం తిని, నాన్నకు ఫోను చేశాను. అక్కడ రాత్రి పదవుతోంది. అనంతపురంలో ఈ వేసవికీ బోరు అడుగంటింది, ట్యాంకరు పిలిపిస్తున్నారు. మాల్టాలో కురిసే వానా మా జిల్లాలో కురిసే వానా ఏడాదికి ఇంచుమించు సమానమే, అయిదు వందల యాభై మిల్లీమీటర్ల దరిదాపులు. మన మిద్దె మీది వాననీళ్లు ఎక్కడికి పోతున్నాయి నాన్నా అని అడిగాను. "వీధి కాలువలోకి, ఇంకెక్కడికమ్మా" అన్నాడు. మిద్దె కొలతలు అడిగితే నలభై అడుగులు, ముప్పై అడుగులు అన్నాడు. ఫోను పక్కన పెట్టి ఈ డైరీ వెనక పేజీలో లెక్క వేశాను: ఏడాదికి అరవై వేల లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. సగం ఆవిరైనా, కారిపోయినా ఆరు. ఆ అంకె చెప్పగానే నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, పెరట్లో చింతచెట్టు పక్కన నేల ఎంత లోతు వరకు తవ్వితే బండ తగులుతుందో రేపు గడ్డపార పట్టించి చూస్తానన్నాడు.