ఆదివారం, పార్కులో గాలి అంట్లు

జులై రెండో ఆదివారం, పునర్వసు కార్తె. రాత్రి ఒక జల్లు పడి తెల్లారేసరికి తెరిపిచ్చింది. గాలి అంటు అంటే చెట్టు మీదున్న కొమ్మకే వేళ్లు పుట్టించి, కోసి కొత్త మొక్క చేసుకోవడం. అది కట్టడానికి ఇంతకంటే మంచి పొద్దు దొరకదు. గాలిలో తేమ ఉంది, ఎండ ముదరలేదు, చెట్లలో రసం పారుతోంది కాబట్టి బెరడు గోటితో లాగినా ఊడొస్తుంది. ఏప్రిల్‌లో ఇదే కొమ్మ మీద కత్తి పెడితే బెరడు కర్రని వదలదు, పీచులు పీచులుగా చిరుగుతుంది. అందుకే కాలువలకి నీళ్లు వదిలి, వానలు కుదురుకున్నాక గానీ ఈ పాఠం పెట్టరు. సెప్టెంబరు దాకా అంట్ల కాలమే.

కాలువ గట్టు మీది పార్కులో ఏడింటికి మొదలు. పాతికమంది దాకా వచ్చారు. నేర్పడానికి వచ్చిన పెద్దావిడ కడియం నర్సరీల్లో ఏళ్ల తరబడి అంట్లు కట్టిన మనిషి. అందరూ మామ్మగారూ అనే పిలిచారు. ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు. జామచెట్టు కింద నిలబడి ముందు కొమ్మ ఎలా ఎంచుకోవాలో చూపించారు.

సగం పని కొమ్మ దగ్గరే తేలిపోతుంది. ఏడాది వయసు, పెన్సిల్ లావు, మూరెడు పొడవు, ఎండ తగిలే వైపు కొమ్మ కావాలి. లేత ఆకుపచ్చ కొమ్మలో ఆహారం నిల్వ ఉండదు, పొట్లంలోనే కుళ్లిపోతుంది. ముదిరి మొద్దుబారిన కొమ్మ వేరు వెయ్యడానికి చాలా రోజులు తీసుకుంటుంది. చెట్టు మధ్యలోంచి నిలువుగా దూసుకొచ్చే నీటి కొమ్మలు నున్నగా, పుష్టిగా కనిపిస్తాయి. కొత్తవాళ్ల చెయ్యి అటే వెళ్తుంది, ఇవాళా వెళ్లింది. వాటితో కట్టిన మొక్క తొందరగా కాపుకి రాదు, వదిలెయ్యాలి.

కొన నుంచి అడుగు కిందకి వచ్చి, ఒక కణుపుకి సరిగ్గా కింద గాటు పెట్టాలి. గాటుకి పైనా కిందా జానెడు మేర ఆకులూ పక్క రెమ్మలూ తీసెయ్యాలి. కత్తిని స్పిరిట్‌తో తుడిచి కొమ్మ చుట్టూ ఒక గాటు, దానికి అంగుళంపావు కింద ఇంకో గాటు, రెండింటినీ కలుపుతూ నిలువుగా ఒకటి. మెలిపెడితే బెరడు ఉంగరంలా ఊడొస్తుంది. లోపల తెల్లటి కర్ర తడిగా మెరుస్తూ కనిపిస్తుంది.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. ఒకాయన అప్పుడే కొబ్బరి పొట్టు చేతిలోకి తీసుకున్నారు. మామ్మగారు ఆయన బొటనవేలు పట్టుకుని ఆ తెల్లకర్ర మీద రుద్దించారు. "జారుతోందా అండి?" "జారుతోందండి." "అయితే ఇంకా ఉంది. గీకండి." కత్తి వీపుతో పై గాటు నుంచి కింది గాటు దాకా, కొమ్మ చుట్టూ, పల్చగా. రెండు మూడుసార్లు గీకి పొడిగుడ్డతో తుడిచాక వేలు జారడం మానేసి గరుకుగా ఆగింది. ఆ జారుడు పొర కాగితంలో సగం మందం కూడా ఉండదు. కానీ గాలి అంటు పట్టడం, పట్టకపోవడం దాని మీదే ఉంది.

ఎందుకంటే ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొర గుండా కిందకి దిగుతుంది. నీళ్లు మాత్రం కర్రలోంచి పైకి ఎక్కుతాయి. బెరడు ఒలిచినా నీళ్లు ఆగవు కాబట్టి కొమ్మ వాడదు. దిగే ఆహారం, చిగుళ్లలో పుట్టి వేళ్లు పుట్టించే హార్మోను మాత్రం పై గాటు దగ్గర నిలిచిపోతాయి. నిలిచిన చోట కండ కడుతుంది, ఆ కండలోంచి వేళ్లు దిగుతాయి. జారుడు పొర కొంచెం మిగిలినా అది మళ్లీ కొత్త బెరడు పుట్టిస్తుంది. పై అంచు వచ్చి కింది అంచుని కలుసుకుంటుంది, దారి మళ్లీ తెరుచుకుంటుంది. ఆరు వారాల తర్వాత విప్పితే వేళ్లు ఉండవు, చక్కగా మానిన గాయం ఉంటుంది. ఉంగరం అర అంగుళమే తీసినా ఇదే జరుగుతుంది, రెండు అంచులూ దగ్గర కాబట్టి తొందరగా కలిసిపోతాయి. అలాగని కర్రలోకి గుచ్చి గీకితే నీటి దారి దెబ్బతింటుంది, కొమ్మకీ బలం పోతుంది. ఇవాళ ఒక దానిమ్మ కొమ్మకి అలాగే అయింది. నైరుతి గాలికి విరిగిపోకుండా దానికి వెదురుబద్ద కట్టి నిలబెట్టాల్సి వచ్చింది.

వేళ్లు పై గాటు నుంచే వస్తాయి కాబట్టి ఐబీఏ అనే వేళ్ల హార్మోను పొడి కూడా పై అంచుకే పుయ్యాలి. తడి బ్రష్ కొనతో పల్చగా అద్దితే చాలు. ఎక్కువైతే అంచు మాడుతుంది. జామకి, నూరువరహాలకి, మందారకి పొడి లేకపోయినా వేళ్లు వస్తాయి, కాకపోతే ఆలస్యం. కాగితపుపూల తీగకి మాత్రం పొడి లేకుండా కట్టడం దండగ. రబ్బరు మొక్కకి గాటు పెట్టగానే పాలు కారతాయి. పాలు ఆగేదాకా గుడ్డతో తుడుస్తూ ఆగాలి, పాల మీద పొడి చల్లితే ముద్దకట్టి ఊరుకుంటుంది.

వేరే చోట్ల నాచు వాడతారు. మన డెల్టాలో కొబ్బరి పొట్టు ఉండగా నాచు కొనక్కర్లేదు. కాకపోతే పీచు మిల్లు దగ్గర నుంచి తెచ్చిన పచ్చి పొట్టు తిన్నగా కట్టకూడదు. అందులో వగరు ఉంటుంది, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుచెరువుల్లో నానబెట్టిన కాయ పీచుదైతే ఉప్పూ ఉంటుంది. రెండూ లేత వేరుని చంపుతాయి. మూడు రోజులు నానబెట్టి రోజూ నీళ్లు మార్చాలి. కాఫీరంగు నీళ్లు తేరుకుని పల్చబడ్డాక వాడాలి. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పిండితే రెండు మూడు చుక్కలు రాలాలి. ధార కారితే తడి ఎక్కువ, కొమ్మ నల్లబడుతుంది. చుక్క కూడా రాకపోతే రెండు వారాల్లో ఎండి చీమలు గూడు పెడతాయి. ఇవాళ కట్టినవాటిలో విప్పించి మళ్లీ కట్టించినవి చాలావరకు తడి ఎక్కువైనవే.

పొట్టు ముద్ద బత్తాయికాయంత ఉండాలి. పై గాటు ముద్ద మధ్యలోకి రావాలి. నిమ్మకాయంత పెడితే తేమ ఆరు వారాలు ఆగదు. దాని చుట్టూ లోపలిది కనిపించే తెల్లటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, అంచు మడత కొమ్మకి కింది వైపు వచ్చేలా తిప్పాలి. మడత పైకి ఉంటే వాననీరు లోపలికి దిగుతుంది. ముందు కింది ముడి, తర్వాత పొట్టుని వేళ్లతో అదిమి పైముడి. ముద్ద కొమ్మ మీద తిరగకూడదు, తిరిగితే లేత వేళ్లు తెగుతాయి. ఒకావిడ ఇంటి నుంచి అరటినార తెచ్చుకున్నారు. పూలకట్టకి బావుంటుంది గానీ ఆరు వారాల వానకి నానిపోయి ముడి వదులవుతుంది. ప్లాస్టిక్ పురికొసే నయం. ప్లాస్టిక్ కాగితం తెల్లదే ఎందుకంటే వేళ్లు బయటికి కనిపించాలి. పడమటి ఎండ సూటిగా తగిలే కొమ్మకి మాత్రం పైన పాత న్యూస్‌పేపరు ఒక చుట్టు చుట్టడం మంచిది.

మధ్యలో ఒక కుర్రాడు అడిగాడు, "కొబ్బరిచెట్టుకి కట్టొచ్చా అండి?" కోనసీమలో ఎప్పుడు అంట్ల పాఠం పెట్టినా ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్నే ఇది. కొబ్బరికి, తాటికి, పోకకి బెరడు కింద ఆ జారుడు పొరే లేదు. కొమ్మలూ లేవు. ఉన్నది ఒక్క మొవ్వు. అది తెగితే చెట్టే పోతుంది. కొబ్బరికి మంచి తల్లిచెట్టు కాయ నాటడమే దారి. మామిడికీ గాలి అంటు నమ్ముకోకూడదు, టెంకమొక్క మీద కొమ్మని అతికించడమే సరైన పద్ధతి.

ఎనిమిదిన్నరకి టీ. ఆషాఢం కదా, ఆడవాళ్లు గోరింటాకు కంచె దగ్గరికి చేరారు. రెమ్మల్ని దూసి ఆకు తీసుకోవడం కంటే కత్తెరతో జానెడు కొస కోసుకోవడం మొక్కకి మేలు. కోసిన చోట పక్కచిగుళ్లు గుబురుగా వస్తాయి, దూసిన రెమ్మ సగం ఎండి పుల్లలా మిగులుతుంది. కత్తెర చేతికిచ్చి చెబితే అందరూ అలాగే కోశారు.

టీ తర్వాత బంతి నారు. దసరాకి పూలు కావాలంటే పండగ తేదీ నుంచి 90 రోజులు వెనక్కి లెక్కపెట్టి గింజ వెయ్యాలి. నారు మడిలో 25 నుంచి 30 రోజులు, నాటాక సుమారు 60 రోజులు. మడి నేలకంటే అరడుగు ఎత్తున ఉండాలి, గింజ మీద అర సెంటీమీటరుకి మించి మట్టి పడకూడదు. వానాకాలంలో బంతినారుకి పెద్ద శత్రువు నారుకుళ్లు. మొదలు దారంలా సన్నబడి మొక్క పక్కకి వాలిపోతుంది. గింజ ఒత్తుగా చల్లడం, సాయంత్రం నీళ్లు పొయ్యడం దీనికి ముఖ్య కారణాలు. పొద్దున పోస్తే రాత్రికి ఆరుతుంది. కనిపించిన వెంటనే లీటరు నీళ్లకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడిసేలా పొయ్యాలి. నాటిన రెండు వారాలకి తల తుంచితే పూత పది రోజులు ఆలస్యమైనా కొమ్మలు ఎక్కువొచ్చి పూలు పెరుగుతాయి. కాబట్టి తుంచేవాళ్లు 100 రోజుల లెక్క వేసుకోవాలి.

చామంతి మడి గురించి పార్కు తోటమాలిని అందరూ అడిగేది ఒకటే, దీపస్తంభం కింద వరస ఎందుకు ఆలస్యంగా పూస్తుందని. పోయిన ఏడాది ఎరువు లోపం అనుకుని ఆ వరసకే రెండుసార్లు ఎరువు వేశారు. లోపం వెలుతురులో ఉంది. చామంతి పొద్దు తగ్గి రాత్రి పొడుగయ్యాకే మొగ్గ తొడుగుతుంది. రాత్రంతా దీపం వెలుగుతుంటే ఆ మొక్కకి ఇంకా వేసవే. ఈసారి చామంతి పిలకలు గేటు పక్క చీకటి మూలకి మార్చి, దీపం కింద బంతి వేస్తున్నారు.

నీళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. గోదావరికి ఎర్రనీరు తగిలింది, కాలువలోనూ అదే రంగు. ఆ నీళ్లు తిన్నగా కుండీల్లో పోస్తే పైన ఒండ్రు పల్చటి చెక్కలా కట్టి, తర్వాత పోసిన నీరు దిగనివ్వదు. డ్రమ్ములో పట్టి ఒక రాత్రి తేరనిచ్చి పోస్తే సరిపోతుంది. అడుగున మిగిలిన ఒండ్రు పారబొయ్యకుండా చెట్ల పాదుల్లో వేస్తున్నారు.

ఇక కట్టిన అంట్ల సంగతి. పొట్లంలో తెల్లవేళ్లు కనిపించగానే కోసుకుపోవాలని మనసు లాగుతుంది. అక్కడే తొందరపడకూడదు. తెల్లవేళ్లు కాస్త గోధుమరంగు తిరిగి, వాటికి పిల్లవేళ్లు పుట్టేదాకా ఆగాలి. జామకి ఆరు వారాలు, నిమ్మకి, దానిమ్మకి ఎనిమిది దాకా పట్టొచ్చు. అప్పుడు కూడా కింది ముడికి దిగువన సగం మందం మాత్రమే గాటు పెట్టి వారం ఆగి, తర్వాత పూర్తిగా కొయ్యాలి. ఆ వారంలో కొమ్మ తన వేళ్ల మీద బతకడం నేర్చుకుంటుంది. కోశాక ఆకులు సగం కత్తిరించి, ప్లాస్టిక్ తీసి, పొట్టు ముద్ద చెదరకుండా సంచిలో పెట్టాలి. రెండుపాళ్లు మెట్ట ఎర్రమట్టి, ఒకపాలు ఇసుక, ఒకపాలు బాగా చివికిన పశువుల ఎరువు. మన నల్లమట్టి ఒక్కటే నింపితే తడికి ముద్దవుతుంది, ఎండకి బిగుసుకుంటుంది. మూడు నాలుగు వారాలు చెట్టునీడలో ఉంచాలి. అంటు కట్టడంలో చచ్చేవాటికంటే కోసిన తర్వాత ఈ వారాల్లో ఎండలో పెట్టి చంపుకునేవే ఎక్కువ.

నేలలో నాటేటప్పుడు గొయ్యి తవ్వి దించడం డెల్టాలో పెద్ద పొరపాటు. బంకమట్టిలో తవ్విన గొయ్యి వానాకాలం తొట్టె అవుతుంది, నీరు ఎటూ పోదు. జూలైలో వనమహోత్సవం మొక్కలు ఎన్నో ఇలా మునిగే పోతాయి. అడుగు, అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటాలి. గాలి అంటు మొక్కకి తల్లివేరు ఉండదు, అన్నీ పక్కవేళ్లే. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకి వేరుతో సహా పెకలించుకుపోయిన చెట్ల సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి మొదటి రెండేళ్లు అక్టోబరులోపు రెండు గట్టి కర్రలు పాతి, మొదలుని ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి.

పది దాటాక ఎండ చురుక్కుమంది. పార్కు చెట్ల మీద ఇవాళ కట్టిన పొట్లాలు మొత్తం పందొమ్మిది. జామకి పదకొండు, మందారకి నాలుగు, నూరువరహాలకి మూడు, ఆ వెదురుబద్ద దానిమ్మ ఒకటి. ప్రతి దానికీ కట్టినవాళ్ల పేరు, ఇవాళ్టి తేదీ రాసిన రేకుముక్క వేలాడదీశారు. ఇంటికి పట్టుకెళ్లే పాఠం కంటే చెట్టు మీదే వదిలేసే పాఠం మంచిది. గీకినది సరిపోయిందో లేదో ఈ పొట్లాలే చెబుతాయి, అది కట్టినవాళ్లే వచ్చి చూసుకోవాలి. ఆరు వారాల తర్వాతి ఆదివారం, మఖ కార్తెలో, పొద్దున ఏడింటికే మళ్లీ కలవాలని చెప్పి పంపారు. వచ్చేటప్పుడు ఆరంగుళాల మొక్కసంచి, కత్తెర తెచ్చుకోవాలి. ఈలోపు పెద్ద వాన పడ్డ మర్నాడల్లా పైముళ్లు వదులయ్యాయేమో తోటమాలి చూస్తానన్నారు. చీమలు పట్టిన పొట్లం కనిపిస్తే విప్పకుండా సిరంజితో పైముడి దగ్గర కొంచెం నీళ్లు ఎక్కించమని మామ్మగారు ఆయనకి చూపించి వెళ్లారు.