తెరచాపల పెట్టెకి కన్నాలు ఎందుకు పెట్టానంటే

తెరచాపలు దాచుకునే పెట్టె చేస్తున్నానంటే చాలు, అందరూ వాన గురించే అడుగుతారు. వానని ఆపడం పెద్ద విద్యేం కాదు. చేజేతులా మనం లోపల పెట్టే తడితోనే తంటా.

ఒడ్డుకొచ్చాక తెరచాపని ఎంత ఆరబెట్టినా కుట్ల దగ్గర, మూలల్లో దళసరిగా ఉండే చోట చెమ్మ మిగులుతుంది. మంచినీళ్లతో కడగకపోతే అంటుకున్న ఉప్పు గాల్లో తేమని కూడా లాగేస్తుంది. దాన్ని గాలాడని పెట్టెలో పెట్టి మూస్తే పగటి వేడికి ఆ చెమ్మ ఆవిరై, రాత్రి మూత చల్లబడగానే లోపలివైపు బొట్లు కట్టి మళ్లీ తెరచాప మీదే పడుతుంది. మామూలు తెరచాపల గుడ్డ డాక్రాన్, అంటే పాలియెస్టరే, బూజు దాన్ని తినలేదు. కానీ దాని మీది మురికిని తిని మచ్చలు పెడుతుంది, అవి ఓ పట్టాన వదలవు. బ్లీచ్ వేద్దామా అంటే స్పినేకర్ (ముందువైపు బుడగలా ఉబ్బే పల్చటి తెరచాప) నైలాన్‌ది, దెబ్బతింటుంది.

అందుకే గాలికి రెండు దారులు పెట్టాను. ఒక చివర కిందగా, రెండో చివర పైగా. వాటికి కిందికి వాలిన రెక్కలు, లోపల సన్న జాలీ. "ఇంత కష్టపడి చేసి బొక్కలు పెడతావేంట్రా!" అన్నాడు పడవలో నా భాగస్వామి. అడుగున కూడా నీళ్లు పోవడానికి కన్నాలు పెట్టి, పైన చెక్క బద్దెలు పరిచేసరికి ఇంక నాతో వాదించడం మానేశాడు.

సైజుకి ముందు బాటెన్లని, అంటే తెరచాప ఆకారం నిలవడానికి అందులో దూర్చే సన్నటి బద్దల్ని కొలవండి. గుడ్డని ఎలాగైనా మడవచ్చు, వాటిని మడవలేం. ప్లైవుడ్ షీటు పొడవు 2440 మి.మీ. కాబట్టి ఆలోపు సరిపెడితే అతుకుండదు.

నాకు బాగా నచ్చిన పని మూతది. ముందుకి వాలు ఇచ్చి, మూడు వైపులా 40 మి.మీ. బయటికి వదిలాను. అయినా నీరు అంచు దాకా వచ్చి ఊరికే కింద పడదు. మూత అడుగుని కరుచుకుని లోపలికి పాకుతుంది. అందుకని అంచుకి కాస్త లోపలగా, అడుగువైపు 5 మి.మీ. గాడి తీశాను. ఇళ్లకి సన్‌షేడ్ కింద మేస్త్రీలు తీసేది ఇలాంటిదే. పైపుతో నీళ్లు కొట్టించి, పక్కనే నేల మీద పడుకుని చూశాను. బొట్లు పాక్కుంటూ గాడి అంచు దాకా వచ్చాయి, దాటలేక అక్కడే లావెక్కి టపటపా రాలాయి. ఎంత ముచ్చటేసిందో! రబ్బరు బీడింగూ వేశాను గానీ నా ధైర్యం గాడి మీదే. వెనకాల మడతబందులు ఉన్నచోట ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ సందు మీద పొడుగునా రబ్బరు పట్టీ కప్పాను.

చెక్క మెరైన్ ప్లైవుడ్డే అయినా కోసిన అంచులు నీళ్లు తాగుతాయి. బిగించక ముందే అంచులకి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) పట్టించాలి. ఎండకి ఎపాక్సీ నిలవదు, పైన పెయింట్ తప్పనిసరి. తెలుపైతే లోపల వేడి తగ్గుతుంది. స్క్రూలు ఉప్పునీటిని బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి. స్క్రూ కన్నాన్ని ముందు పెద్దదిగా తొలిచి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మళ్లీ సన్నగా తొలిస్తే చెక్కకి తడి చేరదు. విసుగు పనే, టీ తాగుతూ చేసుకోవాలి.

లైఫ్ జాకెట్లు, తాళ్లు ఇందులోకే వెళ్తాయి. పెట్రోల్ డబ్బా మాత్రం వద్దు. దాని ఆవిరి గాలికంటే బరువు, అడుగున పేరుకుంటుంది. దానికి వేరే చోటు చూడాల్సిందే.