ఆదివారం మాత్ర

మొదట మొరాయించింది కుడిచేతి చూపుడు వేలు. నరసాపురం పక్కన మా ఊళ్ళో ఆడవాళ్ళకు లేసు అల్లికే జీవనాధారం. దారం లాగి ముడి బిగించాల్సిన ఆ వేలు తెల్లవారేసరికి వంగేది కాదు. పొద్దెక్కితే గానీ పిడికిలి మూసుకునేది కాదు. చికున్‌గున్యా తాలూకు నొప్పులే అన్నారు ఇరుగుపొరుగు. ఊళ్ళో వేయించుకున్న సూదిమందుకు నాలుగు రోజులు తగ్గేది, మళ్ళీ మామూలే.

చివరికి కాకినాడలో కీళ్ళ నిపుణురాలికి చూపించాం. ఆవిడ నా వేళ్ళ కణుపులను ఒక్కొక్కటిగా బొటనవేలితో నొక్కి, వాచినవెన్ని, నొప్పి ఉన్నవెన్ని అని లెక్క రాసుకున్నారు. రక్తపరీక్షల్లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం అని తేలింది. “జబ్బులతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థే మీ కీళ్ళ మీద పడిందమ్మా” అన్నారు.

మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాశారు. “వారానికి ఒక్కసారే, ఆదివారం” అని తెలుగులో రాసి, కింద రెండు గీతలు గీశారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఎంత గొప్ప పరిశోధన అయినా నావంటి రోగికి మేలు చేసేది అలాంటి రెండు గీతల వల్లే. మరో రోజు, దాని దుష్ప్రభావాలు తగ్గడానికి, ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర. ఈ రెండు మందుల వెనకా 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారని తెలిసి ఒళ్ళు పులకరించింది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, దాని పనిని అడ్డుకునే మెథోట్రెక్సేట్‌నూ రూపొందించింది. ఆయన 1948లో కన్నుమూశారు. కేన్సర్ కోసం వచ్చిన ఆ మందును కీళ్ళవాతానికి వాడవచ్చని అమెరికా అధికారికంగా ఒప్పుకున్నది 1988లో. ఈలోగా ఎందరి చేతులు వంకర తిరిగిపోయాయో తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

నాకు కొన్ని నెలల్లో వేళ్ళు నెమ్మదించాయి, మణికట్లు మాత్రం లొంగలేదు. వాచిన కీళ్ళ లెక్క దిగలేదు కాబట్టి మరో మందు చేర్చాల్సిందే అని అడాలిముమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. కీళ్ళలో వాపును ఎగదోసే టీఎన్ఎఫ్ అనే ప్రోటీనును అది పట్టి ఆపుతుంది. ఆ ప్రోటీనును ఆపితే జబ్బు దిగుతుందని లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, మన దేశంలో పుట్టిన రవీందర్ మైనీ ఇదే తరహా మందుతో 1992లో రోగుల మీద పరీక్షించి చూపారు. కానీ ఒంట్లో అణగి ఉన్న క్షయను లేవకుండా కట్టడి చేసేదీ ఆ టీఎన్ఎఫే. అందుకే ముందుగా ఛాతీ ఎక్స్‌రే, మాంటూ పరీక్ష చేయించారు.

ఆ ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డకట్టకూడదు. కరెంటు పోయిన రోజుల్లో మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర వాడే థర్మోకోల్ పెట్టె తెచ్చి, ఐసుకు తగలకుండా మందును గుడ్డలో చుట్టి ఉంచేవారు.

ఇప్పుడు కణుపుల్లో వాపు లేదు. కాలేయం, రక్తకణాల పరీక్షలు మాత్రం గడువు తప్పకుండా చేయించుకుంటున్నాను. మళ్ళీ లేసు పట్టాను. మాతో కలిసి అల్లే వాళ్ళలో ఒక చెల్లెలికి పొద్దున్నే వేళ్ళు బిగుసుకుంటున్నాయట. ఈసారి కాకినాడ వెళ్ళేటప్పుడు ఆమెను కూడా వెంటబెట్టుకు వెళ్తున్నాను.