టూపాక్ గొంతు, గొంతు మీద గొంతు

నేను డబ్బింగ్ స్టూడియోలో రికార్డిస్టుని. పొద్దస్తమానం మైకు ముందు నిలబడ్డవాళ్ల ఊపిరి వినడమే నా పని. అమెరికన్ రాపర్ టూపాక్ షకూర్ పాటలు మొదటిసారి విన్నప్పుడు సగం మాటలు అర్థం కాలేదు. ఆ గొంతు మాత్రం పట్టుకుంది, ఇరవై ఏళ్లయినా వదల్లేదు.

మంచి హెడ్‌ఫోన్స్ దొరికితే 'ఆల్ ఐజ్ ఆన్ మీ' ఆల్బమ్‌లో మొదటి పాట పెట్టుకుని వినండి. ఒక్క మనిషే పాడుతున్నట్టు ఉంటుంది. జాగ్రత్తగా వింటే ఇద్దరు, ఒక్కోచోట ముగ్గురు టూపాక్‌లు వినిపిస్తారు. ఒక టేకు పాడేసి, దాన్ని చెవిలో పెట్టుకుని మళ్లీ పైనుంచి పాడేవాడు. రెండోసారి ఒక మాట చివర కాస్త సాగుతుంది, ఇంకో మాట వెంట్రుకవాసి ముందు పడుతుంది. గొంతుకి ఆ మందం వచ్చేది ఈ చిన్న చిన్న తేడాలవల్లే. అదే టేకుని కాపీ చేసి రవ్వంత జరిపి పక్కన పెడితే రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. నేను చాలాసార్లు చేసి చూశాను, రాలేదు.

పైగా ఆ వేగం చూడండి. 1995 అక్టోబరులో బెయిలు మీద జైలు నుంచి బయటికొచ్చాడు. 1996 ఫిబ్రవరి 13న ఆ 'ఆల్ ఐజ్ ఆన్ మీ', 27 పాటల డబుల్ ఆల్బమ్, మార్కెట్లో ఉంది. ఆ ఏడాది ఆగస్టులో మకవెలి అనే మారుపేరుతో ఇంకో ఆల్బమ్ పూర్తిచేశాడు. సెప్టెంబరు 7న లాస్ వెగాస్‌లో కాల్పులు జరిగాయి, 13న పోయాడు. పాతికేళ్లు. ఆ మకవెలి ఆల్బమ్ వచ్చింది నవంబరులో.

నాకు అన్నిటికంటే దగ్గరైనది 'డియర్ మామా'. వాళ్లమ్మ అఫేనీ, నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ మనిషి. కడుపుతో ఉండగానే జైల్లో ఉంది, కోర్టులో తన కేసు తనే వాదించుకుంది. 1971 మేలో నిర్దోషిగా బయటపడింది, జూన్ 16న వీడు పుట్టాడు. తర్వాత ఆమె మత్తుమందుకి బానిసైంది. పాటలో కొడుకు ఆ సంగతి దాచడు. దాచకుండానే ఆమెని నెత్తిన పెట్టుకుంటాడు. ఆ పాట ఉన్న 'మీ ఎగైన్స్ట్ ద వరల్డ్' 1995లో అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లినప్పుడు తను జైల్లో ఉన్నాడు. తర్వాత అమెరికా వాళ్ల జాతీయ గ్రంథాలయం భద్రపరచదగ్గ రికార్డింగుల జాబితాలో ఈ పాటని చేర్చింది. చేర్చి తీరాల్సిన పాట.

కొడుకు పోయాక మిగిలిన రికార్డింగుల కోసం అఫేనీ 1997లో సొంత సంస్థ పెట్టింది. బతికుండగా వచ్చిన సోలో ఆల్బమ్‌లు 4, పోయాక వచ్చినవి 6. అందులో మకవెలి ఒక్కటే తను చేతులారా ముగించింది. మిగతావాటిలో మంచి పాటలున్నాయి, కాదనను. 1998లో బయటికొచ్చిన 'ఛేంజెస్' లేకపోతే మాలాంటి వాళ్లం చాలామంది టూపాక్ దాకా వెళ్లేవాళ్లమే కాదు. కానీ 2004 నాటి 'లాయల్ టు ద గేమ్' నేను పూర్తిగా వినలేను. దాన్ని తయారుచేసిన రాపర్ ఎమినెమ్ ప్రేమతోనే చేశాడని నా నమ్మకం. కానీ కొత్త బీటుకి సరిపోవాలని పాత గొంతు వేగం మార్చినచోట నా చెవి అతుకు దగ్గరే ఆగిపోతుంది.

దీనికి కారణం ఉంది. మా దగ్గర ఒక పెద్దాయన సీరియల్‌కి డబ్బింగ్ చెప్తూ మధ్యలో పోయారు. మిగిలిన రెండు సీన్లకి ఆయన పాత టేకుల్లోంచి మాటలు ఏరి అతకమన్నారు. అతికాను. "రా" ఒక ఎపిసోడ్‌ది, "అమ్మా" ఇంకో ఎపిసోడ్‌ది. ప్రసారమైంది, ఎవరూ గుర్తుపట్టలేదు. కానీ "రా"కీ "అమ్మా"కీ మధ్య ఆయన ఊపిరి లేదు. నాకు తెలుసు.

ఆ రాత్రి ఇంటికొచ్చి మకవెలి ఆల్బమ్ పెట్టుకున్నాను. 'హెయిల్ మేరీ'లో గంట మోగుతుంది, ఆ తర్వాత గొంతు మీద గొంతు పేర్చుకుంటూ నింపాదిగా వస్తాడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే తీసుకున్నాడు.