ఆపు, మళ్ళీ పెట్టు

పెళ్ళిపీటల మీద మాయాశశిరేఖ లక్ష్మణకుమారుడి కాలు తొక్కగానే మా అమ్మాయి "నాన్నా ఆపు, మళ్ళీ పెట్టు" అంది.

మళ్ళీ పెట్టాను. నాలుగుసార్లు.

'మాయాబజార్' ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు. కానీ పాజ్ చేసి సావిత్రి ముఖాన్ని అంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. నలుగురూ చూస్తున్నప్పుడు తలొంచుకున్న పెళ్ళికూతురు. ఎవరూ లేరనుకోగానే కనుబొమ్మ ఎగురుతుంది, ఛాతీ విరుచుకుంటుంది, ఆ నడకలో అచ్చంగా ఎస్వీ రంగారావు దిగిపోతారు. ఒళ్ళు ఆవిడదే, లోపలున్నది ఘటోత్కచుడు. 1957లో తీసిన సినిమా ఇది. ఈ రోజుకీ ఎక్కడా అతుకు కనిపించదు.

థియేటర్లో ఇలా ఆపి చూసుకునే వీలుండదు కదా. పాత సినిమాలు ఇంట్లోనే చూడాలని అందుకే అంటాను, అదీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని. మనకి అలవాటైపోయి దాటేసే చోట వాళ్ళు ఆగుతారు.

కొత్తవాటిలో 'బలగం' చూడండి, 2023లో వచ్చింది. దాన్ని మాత్రం మధ్యలో ఆపకండి. చివర్లో ఆ పాట మొదలయ్యాక ఫోన్ పక్కన పెట్టేయండి. నేను మా అన్నయ్యతో కలిసి చూశాను. అయిపోయాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

అమ్మాయి ఇప్పుడే వచ్చి అడిగింది, "రేపు మళ్ళీ పెళ్ళి సీన్ నుంచి పెడతావా?" అని.

పెడతాను తల్లీ.