ఖైదీలు వేసిన పట్టాల మీద, పాలస్టీన్ నుంచి మేడెల్ దాకా

డాలస్ తెలుగువాళ్లకు టెక్సస్‌లోని పాలస్టీన్ ఊరంటే మార్చిలో డాగ్‌వుడ్ పూలు, పాతకాలపు రైలు, పిల్లల ఫొటోలు. మా మామయ్యగారు కాజీపేటలో రైలు ఇంజనుకు బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరయ్యారు. ఆయన్ని మాల్స్ చుట్టూ తిప్పేకంటే ఇదే నయమని బయల్దేరదీశాను. కోర్సికానా దాకా ఎప్పటి ట్రాఫిక్కే. 287 హైవే ఎక్కాక ప్రాణం కుదుటపడింది.

1872లో రైలు వచ్చాకే పాలస్టీన్ ఊరుగా ఎదిగింది. కానీ మేం ఎక్కింది ఆ లైను కాదు, టెక్సస్ స్టేట్ రైల్‌రోడ్. ఏసీ బోగీ రేటు చూసి సాదా బోగీయే తీసుకున్నాను. పైన్ చెట్ల మధ్య గాలి బాగా వచ్చింది కాబట్టి బాధ లేదు.

నెచస్ నది వంతెన దాటుతుండగా మామయ్యగారు అడిగారు, "ఈ లైను ఎవరు వేశారు బాబూ?"

రస్క్ ఊళ్లోని జైలు ఖైదీలు వేశారు. ఆ జైల్లో ఇనుప కొలిమి ఉండేది. దానికి బొగ్గు చేయడానికి కట్టె, కరిగించడానికి ఇనుప ఖనిజం తేవాలి. అందుకే 1893లో పట్టాలు వేయడం మొదలుపెట్టారు. కొద్దికొద్దిగా సాగి, 1909కి పాలస్టీన్ చేరాయి. మొత్తం 25 మైళ్లు. తీరా నాలుగేళ్లకే, 1913లో, కొలిమి మూతపడింది.

అదంతా ఆయన మౌనంగా విన్నారు. రైలు నడిపింది కూడా ఖైదీలే, ఇంజను డ్రైవరు ఒక్కడే బయటివాడు అని చెప్పగానే మాత్రం నావైపు తిరిగారు.

"అంటే ఇంజను పొయ్యి దగ్గర పార పట్టినవాడూ ఖైదీయేనా?"

"అవును మామయ్యా."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే చెప్పారు. మే నెలలో స్టీమ్ ఇంజను మీద డ్యూటీ అంటే ముందు నిప్పు, పైన ఎండ. దిగాక చేతులు వణికేవట. "మాకు జీతం ఉండేది, యూనియన్ ఉండేది. ఇల్లు చేరితే మీ అత్తయ్య మజ్జిగ ఇచ్చేది. వాళ్లు డ్యూటీ దిగి మళ్లీ జైలుకే కదా వెళ్లాలి."

మేడెల్‌లో ఇంజనును తిప్పే టర్న్‌టేబుల్ చూస్తూ అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ ఊరికి అప్పటి టెక్సస్ గవర్నర్ క్యాంప్‌బెల్ కూతురి పేరు పెట్టారని చెబితే మామయ్యగారికి కోపం వచ్చింది. "ఆ అమ్మాయి పట్టా మోసిందా?" ఖైదీలను ప్రైవేటువాళ్లకు అద్దెకిచ్చే పద్ధతికి ముగింపు పలికే చట్టం 1910లో ఆ క్యాంప్‌బెల్ హయాంలోనే వచ్చింది. ఆ గౌరవం ఆయనకు దక్కాలి, కాదనను. అయినా మామయ్యగారి ప్రశ్న నాకూ న్యాయంగానే తోచింది. గవర్నరు ఇంటిపిల్ల పేరు ఊరికి ఉంటే, పదహారేళ్లు పట్టాలు వేసినవాళ్ల పేర్లు కనీసం ఒక పలక మీదైనా ఉండాలి.

1970ల్లో ఈ లైను బాగుచేయడానికి కూడా ఖైదీలనే వాడారు. 1976లో టూరిస్టు రైలు మొదలైంది.

తిరుగుదారిలో, ఆస్టిన్‌లోని క్యాపిటల్, అంటే టెక్సస్ శాసనసభ భవనం, లోపలి ఇనుప స్తంభాలు రస్క్ జైల్లోనే పోత పోశారని చెప్పాను. అంతే, ఫ్రిస్కోలో ఇల్లు చేరేలోపు ప్రోగ్రాం ఖాయమైపోయింది. వచ్చే శనివారం ఆస్టిన్. ట్రాఫిక్ మొదలవకముందే, ఆరింటికల్లా బయల్దేరాలని ఆయన ఆర్డరు.